తెరచాపల ఓడలో కళాసీ పని: నా అనుభవం

అమెరికాలో డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో కల్మార్ నికెల్ ఓడని చూడనివాళ్లు తక్కువ. బ్యాంకు ఉద్యోగాల పుణ్యమా అని డెలవేర్‌లో మనవాళ్లు బాగానే ఉన్నారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు క్రిస్టినా నది ఒడ్డుకి తీసుకెళ్లి, నీలం రంగుతో, చెక్కడపు పనితనంతో మెరిసిపోయే ఆ ఓడ ముందు నిలబెట్టి ఫొటో తీసి, ఏదైనా తిని ఇంటికొచ్చేస్తాం. నేనూ చాలాకాలం అంతే చేశాను. తర్వాత ఒక చలికాలం దాని వలంటీర్ సిబ్బంది శిక్షణలో చేరాను. పడవ నడిపిన అనుభవం ఏమాత్రం అక్కర్లేదన్నారు. అదొక్కటే నాకున్న అర్హత.

ఇప్పుడున్నది నకలు, 1997లో నీళ్లలోకి దించారు. అసలు ఓడ 1625 ప్రాంతంలో హాలండ్‌లో కట్టినది. స్వీడన్‌వాళ్లు 1629లో కొనుక్కున్నారు. 1638లో వలసవాళ్లనీ సైనికులనీ తీసుకొచ్చి ఇప్పటి విల్మింగ్టన్ ఉన్నచోట దించింది ఆ ఓడే. అట్లాంటిక్ దాటి ఇక్కడికి నాలుగుసార్లు వచ్చి వెళ్లింది. ఇక్కడి స్కూళ్లలో దీన్ని వలసల కథగానే చెబుతారు. పంపినవాళ్ల లెక్క మాత్రం వ్యాపారం లెక్క. స్వీడిష్, డచ్చి వాటాదారులు కలిసి పెట్టిన కంపెనీ అది. బీవర్ తోళ్లూ పొగాకూ తెచ్చి యూరప్‌లో అమ్ముకోవాలన్నది వాళ్ల ఆశ. ఈ సంగతి గుర్తుంటే ఆ ఓడలో మనుషులు పడ్డ కష్టాల్లో చాలావాటికి కారణం దానంతటదే తెలుస్తుంది. ఓడ కట్టేది సరుకు కోసం. సరుకు పోగా మిగిలిన చోటు, మిగిలిన తిండి, మిగిలిన నీళ్లు మనుషులవి.

శిక్షణ తాళ్లతో మొదలైంది, చాలాకాలం తాళ్లతోనే నడిచింది. డెక్కు మీద నిలబడి పైకి చూస్తే ఎటు చూసినా తాళ్లే. అన్నీ ఒకే రంగు, దాదాపు ఒకే మందం. ఒకటి తెరచాపని ఎత్తేది, ఒకటి దాని అడుగు మూలని లాగేది, ఇంకొకటి చాపని ముడిచి పైకి తెచ్చేది, మరొకటి అడ్డకొయ్యని గాలికి తగ్గట్టు తిప్పేది. ఒక్కో దానికి ఒక్కో పేరు, ఒక్కో కట్టేచోటు. మాకు నేర్పించినావిడ రిటైరైన టీచరు. వారం వారం మమ్మల్ని వరసగా నిలబెట్టి పేరు చెప్పేది, మేం పరిగెత్తి ఆ తాడు మీద చేయి వేయాలి. కొన్ని వారాలయ్యాక కళ్లు మూసుకుని చేయమంది. ఎందుకో ఎవరూ అడగలేదు. అర్ధరాత్రి, వాన, దీపం ఆరిపోయింది, పైన చాప చిరుగుతోంది. అప్పుడు టార్చి కోసం వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? వేరే తాడు విప్పితే, మోయలేనంత బరువున్న అడ్డకొయ్య కింద నిలబడ్డవాళ్ల నెత్తిన పడుతుంది.

తాళ్ల పని మనుషుల లెక్కతో ముడిపడి ఉంది. యుద్ధ ఓడలో ఫిరంగులకి కావాల్సిన జనం ఎలాగూ ఉంటారు కాబట్టి తాళ్లు లాగడానికి చేతులకి కొదవ లేదు. వ్యాపార ఓడలో ప్రతి మనిషీ ఒక జీతం, ఒక నోరు. అందుకే 17వ శతాబ్దపు డచ్చివాళ్లు వీలైనంత తక్కువమందితో నడిచే ఓడలు కట్టారు. ఫ్లూట్ అనే రకం ఓడకి అంత పేరు రావడానికి కారణాల్లో అదొకటి: పొట్ట పెద్దది, సిబ్బంది చిన్నది. యజమానికి లాభం. ఓడ మీద ఉన్నవాడికి నాలుగు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి, మళ్లీ నాలుగు గంటలు కాపలా. గాలి మారితే విశ్రాంతిలో ఉన్నవాళ్లనీ లేపుతారు. నెలల తరబడి వరసగా ఆరు గంటలు నిద్రపోయినవాడు ఉండడు.

మా అమ్మకి ఈ సంగతి ఫోన్లో చెప్పాను. అమ్మ బందర్లో ఉంటుంది.

"కాలేజీకెళ్లే కొడుకున్నదానివి, ఈ వయసులో తాళ్లు లాగడమేంటే?"

"నేర్చుకుంటున్నానమ్మా. బాగుంది."

"డబ్బులేమన్నా ఇస్తారా?"

"ఇవ్వరు. వలంటీర్లం."

"అంటే ఊరికే కూలిపని చేయించుకునేవాళ్లు అక్కడా ఉన్నారన్నమాట."

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. చలికాలమంతా మేం చేసింది కూలిపనే. గీకడం, రంగు వేయడం, మోకులకి తారు పూయడం. పైన్ చెట్ల నుంచి తీసే తారు అది, 17వ శతాబ్దంలో స్వీడన్ ఎగుమతుల్లో ముఖ్యమైన సరుకు. తాడు కుళ్లిపోకుండా, పలకల సందుల్లోంచి నీళ్లు రాకుండా దాన్నే వాడేవాళ్లు. చేత్తో గుడ్డ పట్టుకుని మోకు పొడవునా రుద్దుకుంటూ పోవాలి. కట్టెల పొయ్యి వాసన వస్తుంది. గోళ్ల సందుల్లోకి పోయిందంటే సబ్బుకి లొంగదు. కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచి తుడిస్తే పోతుందని నేనే కనిపెట్టి మిగతావాళ్లకి చెప్పాను. ఓడ మీద నా పేరు నిలబడింది దాంతోనే. ఆ తర్వాత స్టోర్ రూములో ఎప్పుడూ ఒక కొబ్బరినూనె సీసా ఉండేది. సోమవారం మీటింగుల్లో నల్లటి గోళ్లతో కీబోర్డు మీద టైప్ చేస్తుంటే మా మేనేజరు ఒకటి రెండుసార్లు చూసి ఊరుకున్నాడు.

పైకెక్కడం వసంతంలో మొదలైంది. పెద్ద మాస్టు, అంటే తెరచాపలు మోసే స్తంభం, నూరడుగులు పైనే. పక్కల నుంచి మాస్టుకి బిగించిన మోకులకి అడ్డంగా కట్టిన సన్నతాళ్లే మెట్లు. ఎప్పుడూ గాలి వచ్చే వైపు నుంచే ఎక్కాలి, గాలి మనల్ని మోకులకేసి నొక్కి పెడుతుంది. అవతలి వైపు నుంచి ఎక్కితే అదే గాలి మనల్ని సముద్రంలోకి ఊడలాగుతుంది. పట్టుకోవాల్సింది నిలువు మోకుల్ని, కాలు పెట్టేది అడ్డ తాళ్ల మీద. ఎందుకంటే అడ్డ తాడు తెగే అవకాశం ఉంది, మోకు తెగదు. ఇవన్నీ కింద నిలబడి వింటే తేలిగ్గానే ఉంటాయి. సగం ఎక్కాక కాళ్లు వాటంతటవే వణకడం మొదలుపెడతాయి. భయం లేకపోయినా వణుకుతాయి. నాకు భయం కూడా ఉంది.

పైన అడ్డకొయ్య మీదకి వెళ్లాక పని ఇలా ఉంటుంది. కొయ్య కింద వేలాడే తాడు మీద పాదాలు, కొయ్య మీద పొట్ట, రెండు చేతులూ కిందికి వాల్చి తెరచాపని పిడికిళ్లతో పట్టుకుని పైకి లాగి, లాగినంతా పొట్ట కింద తొక్కిపెట్టి, మళ్లీ లాగి, చివరికి చుట్ట చుట్టి కట్టాలి. పక్కవాడు కాలు కదిపితే మన కాలి కింద తాడూ కదులుతుంది. అందుకని ఎవరు అడుగు పెట్టినా ముందు కేక వేసి చెప్పాలి. మాకు నడుముకీ భుజాలకీ బెల్టులు, వాటికి కొక్కేలు, ఆ కొక్కేలు తగిలించడానికి ప్రత్యేకంగా కట్టిన తాళ్లు ఉన్నాయి. ఆ రోజుల్లో బెల్టు లేదు సరే, కాళ్లు పెట్టుకునే ఆ తాడు కూడా 17వ శతాబ్దం రెండో సగంలో గానీ మామూలు కాలేదు. అంతకుముందువాళ్లు కొయ్యకి కాళ్లు చుట్టి, ఒరిగిపోతున్న ఓడ మీద, అలాగే పాకుతూ చాప కట్టారు. పడితే డెక్కు మీద పడతారు, లేదా నీళ్లలో. నీళ్లలో పడ్డవాడి కోసం నిండు గాలిలో పోతున్న ఓడని ఆపి వెనక్కి తిప్పేలోపు వాడు కనుమరుగవుతాడు. నావికుల్లో చాలామందికి ఈత కూడా రాదు.

కిందికి దిగితే ఇంకో లోకం. డెక్కు కింద నడిచేటప్పుడు మా బృందంలో పొడుగ్గా ఉన్నవాళ్లు నడుము వంచే తిరిగేవాళ్లు. నేను పొట్టిదాన్ని, నాకే అక్కడక్కడా దూలం తగిలేది. సరుకుకి చోటు కావాలంటే మనిషి తలకి చోటు తగ్గాలి. మా ఓడలో లైట్లున్నాయి, టాయిలెట్లున్నాయి, ఇంజిన్లున్నాయి. అవన్నీ తీసేసి ఊహించుకోవాలి. అసలు ఓడవాళ్లు మొదటి ప్రయాణానికి 1637 నవంబరులో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ నుంచి బయలుదేరారు. ఉత్తర సముద్రంలోనే తుఫాను కొట్టి ఓడ దెబ్బతింది. హాలండ్‌లో టెక్సెల్ దగ్గర ఆగి బాగుచేసుకుని డిసెంబరు 31న మళ్లీ అట్లాంటిక్‌లోకి దిగారు. నడి చలికాలం. తలుపులన్నీ మూసేసిన చీకట్లో, తడిబట్టలతో, పక్కన వాంతి చేసుకునేవాళ్లతో, ఎలుకలతో, పేలతో గడపాలి. ఒంటి మీద తడిసిన ఉన్ని బట్ట ఉప్పునీటిది కాబట్టి పూర్తిగా ఆరదు. ఉప్పు గాలిలోని తేమని లాగుతూనే ఉంటుంది. మణికట్ల దగ్గర, మెడ దగ్గర అది రాసుకుని పుండ్లు పడతాయి. పొయ్యి కూడా సముద్రం ఊరుకుంటేనే. అలలు పెద్దవైతే నిప్పు ఆర్పేస్తారు, వేడి తిండి లేనట్టే. చెక్క ఓడలో తుఫానుకన్నా అగ్గికే ఎక్కువ భయపడేవాళ్లు.

చెక్క ఓడ కారుతుంది. కారని చెక్క ఓడ ఉండదు, ఎంత కారుతుందన్నదే లెక్క. పలకల మధ్య సందుల్లో నార కూరి, మీద తారు పోస్తారు. అలల్లో ఓడ ఒళ్లు విరుచుకున్నప్పుడల్లా ఆ నార కొంచెం కొంచెం బయటికొస్తుంది. కల్మార్ నికెల్ రెండో ప్రయాణం 1639లో మొదలైతే, ఓడ కారిపోతోందని మళ్లీ మళ్లీ హాలండ్ రేవులకి మరమ్మతుకి తిరిగిపోవాల్సొచ్చింది. చివరికి ఇక్కడికి చేరింది 1640 ఏప్రిల్‌లో. ఆ ఓడ ఎక్కి కూర్చున్న కుటుంబాల సంగతి ఆలోచించండి. బయలుదేరడం, పంపులు కొట్టడం, వెనక్కి రావడం, మళ్లీ బయలుదేరడం.

రాత్రి కాపలాలో నాకు బాగా గుర్తుండిపోయిన పని కూడా ఈ నీటి గురించే. ఓడని విల్మింగ్టన్ నుంచి డెలవేర్ బే (అఖాతం) చివర ఉన్న లూయిస్ ఊరికి తీసుకెళ్తున్నాం. ప్రయాణికులు లేరు, మేమే. గంటకోసారి ఒకరు టార్చి పట్టుకుని ఓడంతా తిరిగి, అన్నిటికన్నా అడుగున పలక ఎత్తి నీళ్లు ఎంత చేరాయో చూసి పుస్తకంలో రాయాలి. నా వంతు తెల్లవారుజామున వచ్చింది. పలక ఎత్తి మోకాళ్ల మీద కూర్చుని కిందికి వెలుగు వేశాను. ఓడ ఇటు ఒరిగితే నల్లటి నీళ్లు ఇటు, అటు ఒరిగితే అటు. నీళ్లు ఎక్కువగా లేవు. చెవి పక్కన పలక అవతల సముద్రం రాసుకుంటూ పోతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకూ దానికీ మధ్య ఉన్నది చెక్కే. మాకు నీళ్లు పెరిగితే స్విచ్చి వేస్తే పంపు తోడేస్తుంది. అప్పట్లో అయితే చెక్క పంపు, పొడవాటి పిడి, మనుషులు. కారే ఓడలో కాపలా మొత్తం పంపు దగ్గరే గడిచిపోయేది. ఆపితే మునుగుతారు, ఆపకపోతే చేతులు పడిపోతాయి. నీళ్లతో పోరాడి ఓడినవాళ్లకంటే, తోడలేక సోలిపోయి ఓడని వదులుకున్నవాళ్లే ఎక్కువేమోనని అప్పుడనిపించింది.

ఆ ప్రయాణంలోనే మధ్యాహ్నం ఉరుముల వాన తగిలింది. డెలవేర్ బే వెడల్పుగా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల లోతు తక్కువ, ఇసుక తిన్నెలు. పెద్ద ఓడలన్నీ తవ్వి ఉంచిన కాలవలోనే, నీటి దారి చూపించే పైలట్ల సాయంతో పోతాయి. పడమట ఆకాశం ఊదారంగులోకి తిరగగానే కెప్టెన్ చాపలన్నీ ముడవమన్నాడు. కింది నుంచి తాళ్లు లాగి చాపల్ని పైకి ముడిచేశాం. మెరుపులు ఆగేదాకా ఎవర్నీ పైకి పంపలేదు. వాన వెలిశాక ఎక్కి కట్టాం. తడిసిన చాప పిడికిలికి చిక్కదు, బిరుసుగా ఉంటుంది. పట్టు కోసం గోళ్లు గుచ్చితే గోరు వెనక్కి విరిగినంత పనవుతుంది. నా పక్కన రిటైరైన కెమిస్టు ఒకాయన, డెబ్భైకి దగ్గర పడ్డవాడు, ఏ తొందరా లేకుండా ఒక్కొక్క మడత లాగుతున్నాడు. కింద డెక్కు మీద మాకు వేడి సూపు సిద్ధంగా ఉందని వాసనే చెప్పింది. అసలు ఓడవాళ్లకి వాన వెలిసేదాకా ఆగే వీలు లేదు. చాపలు చిరిగితే, మాస్టు విరిగితే, ఇసుక తిన్నె మీదకి కొట్టుకుపోతే అంతే సంగతులు. మెరుస్తుండగానే ఎక్కారు.

ఇసుక తిన్నెల మాట వచ్చింది కాబట్టి లోతు చూసే పద్ధతి చెప్పాలి. సీసపు గుండుకి తాడు, తాడు మీద కొలతల గుర్తులు. గుండు అడుగున చిన్న గుంట, అందులో పశువుల కొవ్వు కూరతారు. గుండు అడుగుకి తగిలి పైకి వచ్చేసరికి ఆ కొవ్వుకి ఇసుకో, బురదో, గవ్వల పొడో అంటుకుని ఉంటుంది. లోతుతోపాటు నేల ఎలాంటిదో కూడా తెలుస్తుంది. ఆ తీరం తెలిసిన పాతకాపులు వేలితో నలిపి చూసి ఎక్కడున్నామో చెప్పేవాళ్లు. మాకు దాన్ని విసరడం నేర్పించారు. నేను విసిరినప్పుడు బూడిదరంగు మెత్తటి బురద అంటుకుంది. వేలితో తీసి చూసి కూడా నాకేం తెలియలేదు, పక్కనే స్క్రీన్ మీద మ్యాపులో అన్నీ కనిపిస్తున్నాయి.

తీరం దగ్గర సరే, నడి సముద్రంలో? సూర్యుణ్ణి చూసి ఉత్తర దక్షిణాలు లెక్కకట్టగలిగేవాళ్లు. తూర్పు పడమరలు మాత్రం అంచనాయే. ఇసుక గడియారం అరగంటకోసారి తిప్పి, ఆ అరగంటలో ఏ దిక్కుకి ఎంత వేగంతో వెళ్లామో చెక్క పలక మీద మేకులు గుచ్చి గుర్తు పెట్టుకునేవాళ్లు. చుక్కాని పట్టినవాడికి ముందున్న సముద్రం కూడా సరిగా కనిపించదు. చుక్కాని చక్రం వచ్చింది 18వ శతాబ్దంలో. అంతకుముందు డెక్కు కింద నిలబడి నిలువు కర్రతో తిప్పేవాడు. పైనుంచి ఇంకొకరు అరిస్తే దాన్నిబట్టి నడపాలి. ఆ అంచనా తప్పినందుకే 1629 జూన్‌లో బటావియా అనే డచ్చి ఓడ రాత్రిపూట ఆస్ట్రేలియా పడమటి తీరంలో పగడపు దిబ్బల మీదికి ఎక్కింది. తూర్పుకి ఎంత దూరం వచ్చేశారో వాళ్లకి తెలియదు. బతికి ఒడ్డెక్కినవాళ్లలో వందమందికి పైగా ఆ తర్వాత తోటివాళ్ల చేతుల్లోనే చచ్చిపోయారు.

ఇక తిండి. శిక్షణలో ఒక రోజు రుచి చూడమని గట్టి బిస్కెట్లు ఇచ్చారు. పంటితో కొరికితే పన్నే విరుగుతుంది, నానబెట్టుకోవాలి. ఉప్పు మాంసం, ఎండు బఠాణీలు, గంజి, ఈ బిస్కెట్లు. మొదట్లో బీరు, అది అయిపోయాక పీపాల్లో నీళ్లు. ఆకుపచ్చగా మారి, పురుగులు పట్టి, కంపు కొట్టే నీళ్లు, అవి కూడా కొలిచి పోస్తారు. తిండి చెడిపోవడం సగం బాధ. మిగతా సగం, చెడిపోని తిండి కూడా చాలకపోవడం. చిగుళ్లు ఉబ్బి రక్తం కారడం, పళ్లు ఊడటం, ఎప్పుడో మానిపోయిన పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం, చివరికి కదల్లేక పడిపోవడం. తాజా పళ్లూ కూరలూ దొరక్క వచ్చే స్కర్వీ జబ్బు ఇది. తుఫానులూ సముద్రపు దొంగలూ కలిపి చంపినదానికంటే రోగాలు చంపిందే ఎక్కువ.

నాకు ఒళ్లు మండే విషయం ఇదే: మందు వాళ్లకి తెలుసు. 1601లో ఇంగ్లీష్ ఈస్టిండియా కంపెనీ మొట్టమొదటి ప్రయాణంలో నాలుగు ఓడలు వెళ్లాయి. జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలో ప్రతి ఉదయం పరగడుపున తలా మూడు చెంచాల నిమ్మరసం తాగించాడు. ఆఫ్రికా దక్షిణ కొసకి చేరేసరికి మిగతా మూడు ఓడల్లో లంగరు వేయడానికి కూడా సత్తువ ఉన్నవాళ్లు మిగల్లేదు. లాంకాస్టర్ మనుషులే వెళ్లి వాళ్ల పని చేసిపెట్టారు. ఇంత కళ్లెదుట కనిపించాక కూడా నిమ్మరసం అన్ని ఓడలకీ ఖాయం కావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. రసం ఖర్చు, దాన్ని మోయడానికి చోటు, చెడిపోకుండా ఉంచడం కష్టం, డాక్టర్లకి వేరే సిద్ధాంతాలు. కారణాలు చాలా చెబుతారు. కొత్త కళాసీ మాత్రం చవగ్గా దొరికేవాడు.

దొరికేవాడంటే ఎలా? ఆమ్‌స్టర్‌డామ్‌లో పని కోసం వచ్చిన పేదవాణ్ణి చేరదీసి, తిండీ పడకా అప్పు మీద పెట్టి, ఆ అప్పు కింద వాణ్ణి డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడెక్కించే దళారులు ఉండేవాళ్లు. మామూలు నావికుడి జీతం నెలకి పది గిల్డర్ల అటూ ఇటూ. అందులోంచి ముందు ఆ అప్పు తీరాలి. దారిలో చచ్చిపోతే వాడి పెట్టె మాస్టు దగ్గర తెరిచి బట్టలు వేలం వేసేవాళ్లు. నోరెత్తితే శిక్షలు. కత్తి దూసినవాడి అరచేతిని అదే కత్తితో మాస్టుకి గుచ్చి, వాడే లాక్కుని విడిపించుకోవాలనేవాళ్లు. 1602 నుంచి 1795 దాకా ఆ ఒక్క కంపెనీ ఓడల్లో ఆసియాకి బయలుదేరినవాళ్లు దాదాపు పది లక్షలు. తిరిగి వెళ్లినవాళ్లు అందులో సగం కూడా లేరు. కొందరు ఆసియాలోనే స్థిరపడ్డారు, చాలామంది పోయారు.

ఆ పోయినవాళ్లలో కొందరు మా ఊళ్లోనే ఉన్నారు. బందరు కోట దగ్గర డచ్చి సమాధులు మా చిన్నప్పుడు మేకలు కాసుకునే చోటు. రాళ్ల మీద అందమైన అక్షరాలు, డాళ్లు, పుర్రెలు చెక్కి ఉంటాయి. డచ్చివాళ్లు 1605-06 ప్రాంతంలో బందర్లో వర్తక కోఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ వచ్చింది. ఇక్కడి అద్దకం బట్టలు కొని ఇండోనేషియా దీవులకి తీసుకెళ్లి సుగంధ ద్రవ్యాలకి మార్చుకునేవాళ్లు. బందరు తీరం లోతు తక్కువ, పెద్ద ఓడలు దూరంగానే ఆగాలి. సరుకంతా చిన్న పడవల్లో మోసింది మనవాళ్లే. అద్దిన చేతులు, మోసిన చేతులు మనవి. అంతేకాదు, గోదావరి మీద వచ్చిన టేకుతో నర్సాపురంలో ఆ కాలంలోనే సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు కట్టేవాళ్లు, యూరప్‌వాళ్లు కూడా అక్కడ కట్టించుకున్నారు, బాగుచేయించుకున్నారు. ఇదంతా మా ఓడ మీద ఒక సాయంత్రం చెప్తే, ఆ టీచరమ్మ నోరు తెరిచి విన్నది. సమాధి రాళ్ల కింద ఉన్నవాళ్లు ఎక్కువగా వర్తకులూ ఆఫీసర్లూ వాళ్లింటివాళ్లూ. కళాసీ పేరు చెక్కిన రాయి నేను చూసినవాటిలో లేదు. వాళ్లని చాప గుడ్డలో కుట్టి, బరువు కట్టి, దారిలోనే దించేశారు.

కల్మార్ నికెల్ మొదటి ప్రయాణం నడిపించిన పీటర్ మినిట్ సంగతి చెప్పి ఆపుతాను. 1626లో మాన్‌హట్టన్ కొన్నాడని పాఠ్యపుస్తకాల్లో ఉండే మినిట్ ఈయనే. 1638లో ఇక్కడ కోట కట్టించి, కొద్దిమందిని వదిలి, తిరుగు దారిలో కరీబియన్‌లోని సెయింట్ క్రిస్టఫర్ దీవికి వెళ్లాడు, తెచ్చిన వైనూ సారాయీ ఇచ్చి పొగాకు తీసుకోవడానికి. అక్కడ పక్కనే ఆగి ఉన్న ఎగిరే జింక అనే డచ్చి ఓడ కెప్టెన్ పిలిస్తే అతిథిగా వెళ్లాడు. సరిగ్గా అప్పుడే హరికేన్ వచ్చి ఓడలన్నిటినీ సముద్రంలోకి తోసేసింది. ఎగిరే జింక మళ్లీ కనిపించలేదు. ఆయన సొంత ఓడ కల్మార్ నికెల్ మాత్రం తట్టుకుని నిలబడి, రేవుకి తిరిగొచ్చి, ఆయన కోసం కొంతకాలం చూసి, పొగాకుతో యూరప్‌కి వెళ్లిపోయింది. నాయకుడు పోయినా సరుకు చేరింది.

చేరాలనుకునేవాళ్ల కోసం నాలుగు మాటలు. క్లాసులు చలికాలంలో మొదలవుతాయి, శనివారాలు పోతాయి, ఇంట్లో ముందే చెప్పుకోండి. ఎత్తు అంటే భయమున్నవాళ్లు పైకెక్కకపోయినా పర్వాలేదు, డెక్కు మీద పని చాలా ఉంటుంది. జారని బూట్లు, పాత బట్టలు. ఉంగరాలూ గాజులూ ఇంట్లో పెట్టి రండి, తాడు వేలిని పట్టుకుందంటే ఉంగరంతోపాటు వేలూ పోతుంది. వాంతుల మందు బయలుదేరాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి. కొబ్బరినూనె తెచ్చుకోనక్కర్లేదు, ఉంది.